బొంతకు కొలత ఎక్కడిది?

పొంతన లేని కథను అతుకుల బొంత అంటాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలూ అదే మాట వ్రాస్తాయి. కొలత, క్రమం లేకుండా చేతికందిన ముక్కలను కలిపి కుట్టేస్తే బొంత అవుతుందనే అభిప్రాయం మన నుడికారంలోనే స్థిరపడిపోయింది. పామిడి వీధుల్లో పెరిగినవాడిగా ఈ నిందను నేను ఒప్పుకోలేను. బొంతకు కొలత ఉంది. అది ఉన్నది టేపులో కాదు, పోగులో.

మాట పాతది. బ్రౌను దొర 1852 నాటి తన నిఘంటువులో బొంతకు చోటిచ్చాడు. సంస్కృతంలో దీన్నే కంథ అన్నారు. వంగదేశపు కాంథా ఆ మాటనుంచి వచ్చినదే. కన్నడిగులకిది కౌది, మరాఠీలకు గోధడీ. ఈ పేర్లన్నీ చెప్పడానికి కారణం ఉంది. తెలుగు, కన్నడ, మరాఠీ ఒకే వీధిలో వినిపించే ఊళ్ళలో పామిడి ఒకటి.

పెన్న ఒడ్డున, గుత్తికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిది. 1776లో హైదరు అలీ పట్టుకొనేదాకా గుత్తికోట మురారిరావు ఘోర్పడే చేతిలో ఉండేది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేవరకు ఈ సీమంతా బళ్ళారి జిల్లాలో భాగం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప. పెన్నలో నీళ్ళకంటె ఇసుకే ఎక్కువ రోజులు కనిపిస్తుంది. ఇక్కడి భావసార క్షత్రియులు ఇంట మరాఠీ, బయట తెలుగు మాట్లాడతారు. 1891 జనాభా లెక్కల నివేదిక రంగారీలను దాదాపు అన్ని తెలుగు జిల్లాలలోనూ ఉన్న అద్దకపువారుగా, దర్జీలుగా పేర్కొన్నది. వారి ఇలవేల్పు అంబాభవాని. ఆ వివరాన్నే థర్‌స్టన్ 1909లో తన ఏడు సంపుటాల గ్రంథంలో చేర్చుకున్నాడు. అద్దకమూ దర్జీపనీ లెక్కకెక్కాయి గాని, వారి ఇళ్ళలోనూ ఇరుగుపొరుగు కాపుల, కురుబల ఇళ్ళలోనూ ఆడవాళ్ళు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టిన బొంతలు లెక్కకెక్కలేదు. అమ్మకానికి పోని వస్తువు దొరలకు కనిపించకపోవడంలో వింత లేదు. మనకూ కనిపించకపోవడమే కష్టంగా ఉంటుంది.

ఇక పనికి వస్తాను. మా అవ్వ తరంవారు బొంతకు గుడ్డ కొనలేదు. చిరిగిన చీర, నలిగిన పంచె, అంతే. వందసార్లు ఉతికిన గుడ్డ ఇక కుంగదు, రంగు దిగదు, దానిలో గంజి మిగలదు. అంటే ఈనాడు కొత్తగా నేర్చుకొనేవారు మొదటిరోజు చేయవలసిన పనంతా ఆ గుడ్డకు పదేళ్ళ కాపురంలోనే అయిపోయి ఉంటుంది! తరువాత కోత. అవ్వ కత్తెరను గాటు పెట్టడానికి మాత్రమే వాడేది. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చర్రున చించితే నేతగుడ్డ పేక వెంబడి ఈ అంచునుంచి ఆ అంచుదాకా చక్కగా చిరుగుతుంది. చించితే పీచులేస్తుందనుకున్న చోట ఒక పోగు మెల్లగా లాగేది. పోగు ఊడివచ్చిన జాడ గుడ్డమీద సన్నని గీతలా నిలుస్తుంది; ఆ గీత వెంట కత్తిరిస్తే వంకర రమ్మన్నా రాదు. ఏ బద్దకూ అంత నిజాయితీ లేదు.

కొత్త గుడ్డ వచ్చేసరికి చిక్కులు మొదలయ్యాయి. మొదటి చిక్కు కుంగడం. మిల్లులో సాగదీసి, గంజి పట్టించి చుట్టిన నూలుగుడ్డ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుంగవచ్చు. ముందే కుంగించి అమ్మే పద్ధతిని శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికా అతను 1930లో కనిపెట్టాడు గాని, సంతలో దొరికే ప్రతి తానుకూ ఆ భాగ్యం లేదు. ఉతక్కుండా కత్తిరించి కుట్టితే, బొంత మొదటిసారి తడిసినప్పుడు పాత ముక్క ఉన్నచోటే ఉండి, పక్కనున్న కొత్త ముక్క ముడుచుకుపోతుంది.

రెండవది రంగు. చిరువేరుతో, పటికతో అద్దిన పాత ఎరుపు పోగును పట్టుకొని ఉండేది. ఆ చిరువేరులోని రంగుకు మూలమైన అలిజరిన్‌ను 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ కృత్రిమంగా తయారుచేశారు. 1880లలో వచ్చిన కాంగో రెడ్ వంటి రంగులకు పటికతో కూడా పనిలేదు; వేడినీళ్ళలో కలిపి గుడ్డ ముంచితే చాలు. చౌక పని. అంత సులువుగా ఎక్కిన రంగు అంత సులువుగానూ దిగింది. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మా వీధిలో ఈనాటికీ నమ్ముతారు. అద్దేటప్పుడు ఉప్పు సాయపడుతుంది గాని, అద్దకం అయిపోయిన గుడ్డకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. తడిగుడ్డపై తెల్లబట్ట పరచి ఇస్త్రీపెట్టెతో ఒత్తి చూడాలి. తెల్లబట్ట తెల్లగా ఉండేదాకా ఉతకాలి. వేరే మార్గం లేదు.

మూడవ చిక్కు పామిడికి మరీ సొంతం. కుట్టుమిషన్లు వచ్చి, రెడీమేడ్ దుస్తుల పని పెరిగి, ఇక్కడి ఇళ్ళు నైటీలూ లంగాలూ కుట్టే కార్ఖానాలయ్యాక, బొంతకు పాతచీర బదులు దర్జీ బల్ల కింద రాలిన ముక్కలు చేరాయి. మెడ తీసిన చందమామ, చంక తీసిన వంపు, గేరా పక్కన మిగిలిన త్రికోణం. ఇవి దీర్ఘచతురస్రాలు కావు. వీటి అంచులు పడుగు వెంటా పోవు, పేక వెంటా పోవు, ఐమూలగా పోతాయి. ఐమూల అంచు పట్టుకొని లాగితే రబ్బరులా సాగుతుంది. చించుదామంటే పోగు దారి ఇవ్వదు. అక్కడ కత్తెర, సుద్ద, బద్ద తప్పనిసరి. మా అమ్మ తరానికి కొలత అలా ఇంటిలోకి వచ్చింది.

కొలత అనగానే అంగుళాల టేపు అనుకోవద్దు. జాన రెండైతే మూర, మూర రెండైతే గజం. గుడ్డలవాళ్ళు గజాన్ని పదహారు గిరహ్‌లుగా పంచేవారు. ఒక్కొక్కటి రెండుంబావు అంగుళాలు. 1956 చట్టంతో మీటరు వచ్చినా జాన పోలేదు. కాని ఒకరి జాన మరొకరి జాన కాదు గదా! అందుకని అమ్మ పాత శుభలేఖ అట్టను చదరంగా కత్తిరించి పెట్టుకునేది. ప్రతి ముక్కనూ ఆ అట్టమీదే కొలిచేది, ముందు కోసిన ముక్కమీద పెట్టి ఎన్నడూ కోసేది కాదు. దానిలోని లెక్క చూడండి. నాలుగంగుళాల చదరాలు పన్నెండు వరుసగా కలిపితే నలభై ఎనిమిది అంగుళాలు. ప్రతి ముక్కా అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే వరుస చివర ఒకటిన్నర అంగుళం మిగిలిపోతుంది. అది ప్రతి ముక్కా ఒకే తీరున తప్పినప్పటి లెక్క. ముక్కమీద ముక్క పెట్టి కోస్తే సుద్దగీత మందమంత తప్పు ప్రతిసారీ పాత తప్పు నెత్తినెక్కుతుంది. పన్నెండవ ముక్కకు అసలు కొలత ఏమిటో ఎవరికీ గుర్తుండదు. కుట్టులోకి పోయే పావు అంగుళం నాలుగు పక్కలా వదలాలి గనుక, నాలుగంగుళాల చదరానికి అట్ట నాలుగున్నర ఉండాలి.

జపానువారి ఒల్ఫా కంపెనీ 1979లో చక్రంలాంటి గుండ్రని కత్తిని తెచ్చాక, అమెరికాలో బొంతలు కుట్టేవారి పని మారిపోయింది. పారదర్శకమైన బద్ద కింద గుడ్డను నాలుగు పొరలు మడిచి ఒక్క నడకలో కోస్తారు. అక్కడున్న మనవాళ్ళు కొందరు ఆ తరగతులకు వెళ్తుంటారు. అక్కడ నేర్పే మొదటి మాట, బద్ద పెట్టేముందు పోగు ఎటు పోతున్నదో చూసి, ఒక అంచును దానికి సరిచేయమని. విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది.

మా ఇంట్లో ఒక బొంత పాతబడినప్పుడల్లా దాన్ని పారవేయకుండా మీద మరో పొర వేసి కుట్టేవారు. ఆమధ్య దాని ఒక మూల కుట్లు విప్పి చూశాను. అడుగున ముతక నేతపంచె, పీచులేచిన చింపుడు అంచులతో, పొడుగు ముక్కలుగా. దానిమీద మిల్లు చీర. అన్నిటికీ పైన నైటీ గుడ్డల త్రికోణాలు రెండు రెండు జతచేసి చదరాలుగా. ఐమూల అంచులన్నీ చదరం లోపలికి, పోగు వెంబడి అంచులు వెలుపలికి ఉన్నాయి. సాగే అంచు బయట ఉంటే బొంత వంకర తిరుగుతుందని అమ్మకు ఎవరు చెప్పారో, అడిగితే “చెప్పేదేముంది, గుడ్డే చెప్తాది” అన్నది.