బడి పిల్లలు కొలిచిన వాన

రేడియో పాఠములు చెప్పు మాకు ఒక లోటు చిరకాలముగా తెలియును: మా మాట బడికి చేరునే కాని, పిల్లల మాట మాకు చేరుట అరుదు.

1994 ధరిత్రీ దినమున అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ ప్రకటించిన ‘గ్లోబ్’ పథకము ఈ వరుసను తిరుగవేసినది. 1995లో అదే దినమున పని మొదలైనది. మన దేశము 2000లో చేరినది. సూర్యుడు నడినెత్తికి వచ్చు వేళ పిల్లలు బడి ఆవరణలోనే వానను, ఉష్ణోగ్రతను కొలుతురు, మబ్బులను గుర్తింతురు. ఆ అంకెలను ఇంటర్నెట్టు ద్వారా పంపుదురు. దేశదేశముల బడుల లెక్కలు తరగతిలోనే వారికి కానవచ్చును. శాస్త్రజ్ఞులకును అవి అందును.

వాన లేని నాడు సున్న వ్రాయవలెను, ఖాళీ విడువరాదు. విడిచినచో, వాన కురియలేదో, ఎవరును కొలువలేదో దూరమందలి శాస్త్రజ్ఞునకు తెలియదు.