లెక్కకందని చూపరులు



పూర్వము మన సీమలో ఒక ఉత్సవము గొప్పతనమును చెప్పవలసి వచ్చినపుడు అంకెలు చెప్పు వాడుక లేదు. మార్కాపురము చెన్నకేశవస్వామి రథోత్సవమునకు ఎందరు వచ్చిరని అడిగినచో, "ఇసుక వేసిన రాలలేదు" అనుటయే మన పెద్దల లెక్క. ఆ లెక్కలో అబద్ధము లేదు, అంకెయు లేదు. నేటి కాలమున అట్లు గాదు. ఒక ఆట యాడినను, ఒక కథ చూపినను, ఇన్ని కోట్లమంది చూచిరని మరునాడే చాటింపు వేయుదురు. టెలివిజను వచ్చిన పిదప పుట్టిన ఈ లెక్కల చరిత్రను, అందు మన పల్లెల స్థానమును గూర్చి నాలుగు మాటలు విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

మన దేశమున టెలివిజను మొదట 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీ నగరమున ప్రారంభమైనది. పదేండ్లకు, అనగా 1969 జూలైలో, అమెరికా దేశస్థులు చంద్రునిపై కాలు మోపిన దృశ్యమును లోకమున 60 కోట్లకు పైగా జనులు చూచిరని అంచనా వేసిరి. అంతకు ముందు ఏ కాలమందును ఇందరు మనుష్యులు ఒక్క దృశ్యమును ఒక్క గడియలో చూచి యుండలేదు. కాని ఆ 60 కోట్లలో మార్కాపురము వారు లేరు, గిద్దలూరు వారు లేరు. అప్పటికి కర్నూలు జిల్లాలో చేరియున్న మన తాలూకాలకు ఆ వార్త రేడియో ద్వారమునను, వార్తాపత్రికల మూలమునను అందినది. మనవారు చంద్రుని ఆకాశమందే చూచిరి.

పల్లెలకు టెలివిజనును చేర్పవలెనను ప్రయత్నము 1975లో జరిగినది. ఆ ఏడు ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము సాయముతో, ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములను పంపిరి. ఊరికొక పెట్టె, దాని ముందు ఊరంతయు. ఏడాది నిండగనే ఉపగ్రహమును మరలించుకొనిరి. 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము వెలసినది. 1982లో రంగుల బొమ్మలు వచ్చినవి. 1983లో మన ఇన్సాట్-1బి ఉపగ్రహము నింగికెక్కిన పిదప దేశమంతట ప్రసార స్తంభములు వేగముగా లేచినవి.

ఇట్లు నేల సిద్ధమైన తరువాత విత్తనము పడినది. 1987 జనవరి 25వ తేదీ, ఆదివారము ఉదయమున, రామానంద్ సాగర్ గారు నిర్మించిన రామాయణము దూరదర్శనములో ఆరంభమైనది. 1988 జూలై 31 వరకు 78 భాగములుగా నడచినది. ఆ కాలమున నేను కొత్తగా ఉద్యోగమున చేరిన తెలుగు పండితుడను. నల్లమల అంచున నున్న ఒక చిన్న గ్రామములో కాపురముంటిని. ఊరిలో టెలివిజను పెట్టె ఒక్కటే. దానిని ఆదివారమునాడు పెద్దరైతు ఇంటి అరుగు మీదికి తెచ్చెడివారు. కొండలు అడ్డమగుటచే బొమ్మ సరిగా నిలిచెడిది కాదు. పొడవైన వెదురు గడకు యాంటెనా కట్టి, ఒకడు మిద్దె మీద నిలిచి దానిని త్రిప్పుచుండ, క్రిందనుండి మరియొకడు "వచ్చె, వచ్చె, పోయె, పోయె" అని కేకలు వేయుచుండెను. కరెంటు పోయినచో ట్రాక్టరు బ్యాటరీ సిద్ధముగా నుండెడిది.

మాట హిందీ. ఊరిలో హిందీ వచ్చినవారు ఇద్దరు ముగ్గురే. హిందీ ప్రచార సభ వారి పరీక్షలు కొన్ని వ్రాసియుంటిని గనుక అర్థము చెప్పు పని నాకు పడినది. రెండు వారములు చెప్పితిని. మూడవ వారమున నొక ముసలమ్మ, "అయ్యవారూ, మీరు ఊరకుండుడు. కైక ఏమి అడుగునో మాకు తెలియదా?" అనినది. నేను నోరు మూసికొంటిని. హరికథలలో విని, తోలుబొమ్మలాటలో చూచి, గుడిలో పురాణ కాలక్షేపమున పెరిగిన వారికి ఆ కథ ఏ భాషలో చెప్పినను తెలుగే.

నా తల్లి తెల్లవారుజామున స్నానము చేసి, ఉతికిన చీర గట్టి, చేత కొబ్బరికాయతో వచ్చెడిది. శ్రీరాముడు తెరపై కనబడగనే హారతి ఇచ్చెడిది. ఇట్టి భక్తి మా ఊరి వింత గాదు. దేశమందంతటను పెట్టెలకు పూలదండలు వేసిరి. ఆదివారము ఉదయమున వీధులు శూన్యములైనవని పత్రికలు వ్రాసినవి. 1988లో కథ ముగియనున్నదని తెలిసి, లవకుశుల కథయు చూపవలెనని జలంధరు నగరమున పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసిరి. తరువాత ఉత్తర రామాయణమును గూడ చూపిరి. మహాభారతము 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు నడచినది.

ఒక ఆదివారమున నాకొక బుద్ధి పుట్టినది. ఈ ఒక్క పెట్టె ముందు ఎందరు కూర్చుందురో లెక్కింపవలెనని ఆరవ తరగతి పిల్లవానికి ఒక మార్కాపురము పలకయు, బలపమును ఇచ్చి, మనిషికొక గీత గీయుమని చెప్పితిని. వాడు బుద్ధిగా ఐదేసి గీతల కట్టలు కట్టుచు పలక ఒక ప్రక్క నింపెను. రెండవ ప్రక్కకు త్రిప్పెను. అదియు సగము నిండునప్పటికి తెరపై హనుమంతుడు దర్శనమిచ్చెను. వాని చేతి బలపము జారినది. ఆ పైన వాడును చూపరియే గాని లెక్కరి గాడు. గోడల మీదివారు, వేపచెట్టు కొమ్మల మీదివారు గీతలకు రాకయే పోయిరి. మా ఊరి లెక్క ఆ దినము అంతటితో నిలిచినది.

ఈ చిన్న సంగతిని ఎందుకు చెప్పితిననగా, దేశపు లెక్కయు అంతకంటె మేలుగా లేకుండెను. ఆనాడు చూపరుల గణన యనగా నగరములలో ఎన్నుకొన్న కొన్ని కుటుంబములచే చీటీలు నింపించుట. దానినుండి హెచ్చవేసి రామాయణమును ఎనిమిది కోట్లనియు, పది కోట్లనియు చెప్పిరి. లోకమున అత్యధికులు చూచిన పౌరాణిక ధారావాహిక యని లిమ్కా రికార్డుల పుస్తకమున 2003 వరకు దాని పేరు నిలిచినది. గౌరవము తగినదే. కాని ఒక్క పెట్టె ముందు నలుగురు కూర్చుండు నగరపుటింటిని కొలిచిన కొలబద్ద, ఒక్క పెట్టె ముందు ఊరెల్ల కూర్చుండు పల్లెకు చాలునా?

తరువాతి కాలమున చీటీలు పోయి మీటర్లు వచ్చినవి. ఎన్నుకొన్న ఇండ్లలో టెలివిజనుకు తగిలించిన యంత్రము, ఏ నిమిషమున ఏ ఛానలు నడచినదో వ్రాసికొనును. ఈ యంత్రములు బహుకాలము ప్రధానముగా పట్టణములలోనే యుండెను. పల్లెలను గూడ కలిపి దేశవ్యాప్తమైన లెక్కను బార్క్ అను సంస్థ ప్రకటించుట 2015 అక్టోబరులో గాని జరుగలేదు. అనగా రామాయణము ముగిసిన 27 ఏండ్లకు పల్లెటూరి చూపరి లెక్కలోని మనిషి యయ్యెను. ఇది ఊరక గౌరవపు మాట గాదు. ప్రకటనల ధనము లెక్క వెంట పోవును. ధనము వెంట కార్యక్రమములు పోవును. లెక్కలో లేనివానికి ఏమి కావలెనో అడుగువాడుండడు. నీటి కరవును, ఫ్లోరైడు బాధను అనుభవించిన మన పడమటి సీమవారికి, లెక్కకు రాకపోవుట యెంత నష్టమో నేను విప్పి చెప్పనక్కరలేదు.

పల్లెలు లెక్కకు వచ్చిన పిదప ఫలితము చూడుడు. 2020 ఆగస్టు 16వ తేదీన జెమిని టీవీలో "అల వైకుంఠపురములో" చిత్రమును తొలిసారి చూపినపుడు 29.4 రేటింగు వచ్చి, అప్పటికి తెలుగు చిత్రములలో అదియే అత్యధికమైనది. రేటింగనగా, కొలతకు తీసికొన్న నూర్గురిలో సగటున ప్రతి నిమిషమునను ఎందరు చూచుచుండిరను నిష్పత్తి. 

అదే 2020వ సంవత్సరమున మహమ్మారి వలన దేశమంతయు ఇండ్లలో కూర్చున్నపుడు, మార్చి 28 నుండి పాత రామాయణమును మరల ప్రసారము చేసిరి. ఏప్రిల్ 16వ తేదీన ఒక్కనాడు 7 కోట్ల 70 లక్షలమంది చూచిరనియు, వినోద కార్యక్రమములలో ఇది ప్రపంచ రికార్డనియు దూరదర్శనము వారు ప్రకటించిరి. వినినవారమెల్ల సంతసించితిమి. కాని సత్యము చెప్పవలెను. 1983 ఫిబ్రవరి 28న అమెరికాలో "మాష్" అను ధారావాహిక కడపటి భాగమును ఆ ఒక్క దేశముననే సుమారు 10 కోట్ల 60 లక్షలమంది చూచిరి. కాబట్టి ప్రపంచ రికార్డను మాట నిలువదు. రాముని కథకు ఆ కిరీటము లేకున్నను లోటు లేదు. సత్యవాక్పరిపాలకుని కథకు అసత్యపు కిరీటము పెట్టుటయే లోటు.

అతిశయోక్తి మనకు మాత్రమే చెందినది గాదు. 1973 జనవరి 14న అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ హవాయి ద్వీపమున చేసిన కచేరీని ఉపగ్రహము ద్వారా పంపి, నూరు కోట్లమంది చూచిరని చాటిరి. విచారించి చూడగా, ఆ ప్రసారమునకు నోచుకొన్న దేశముల జనాభా అంతయు కలిపినను సుమారు 130 కోట్లే. చంటిబిడ్డలు మొదలు కాటికి కాళ్లు చాచినవారి వరకు దాదాపు అందరును పాట విన్నచో గాని ఆ అంకె పొసగదు.

ఇంకొక చిక్కు కలదు. అంకె నిజమైనను అర్థము వేరుగా నుండవచ్చును. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో జరిగిన ప్రపంచకప్పు క్రికెట్టు తుదిపోటీని తీసికొందము. టెలివిజనులో 30 కోట్లమంది చూచిరని యొక లెక్క. 13 కోట్లని వేరొక లెక్క. 5 కోట్ల 90 లక్షలని మూడవ లెక్క. మూడింటిలో ఏది నిజము? మూడును నిజములే. ఆటలో ఎప్పుడో ఒకప్పుడు తొంగిచూచినవారితో గూడ 30 కోట్లు. టెలివిజనులో ఒక్క క్షణమున అత్యధికముగా కూడినవారు 13 కోట్లు. ఫోన్లు మొదలగు వాని మీద ఒక్క క్షణమున కూడినవారు 5 కోట్ల 90 లక్షలు. తిరునాళ్లలో రోజంతయు వచ్చిపోయినవారు వేరు, తేరు కదలునపుడు నిలిచియున్నవారు వేరు గదా! ఈ తేడా తెలియక ఒక ఉత్సవమున వచ్చిపోయినవారిని మరియొక ఉత్సవమున నిలిచినవారితో పోల్చుట వలననే తగవులు పుట్టుచున్నవి. లెక్కలలో మోసములు జరిగినవను ఆరోపణలు వచ్చి, 2020 అక్టోబరు నుండి 2022 మార్చి వరకు వార్తా ఛానళ్ల రేటింగులను ప్రకటించుటయే మానుకొనిరి.

కావున పెద్ద అంకె చెవినబడినపుడు మూడు ప్రశ్నలు వేయవలెనని నా మనవి. లెక్కించినదెవరు? చూచుట యనగా ఎంతసేపు చూచుట? లెక్కలో ఎవరిని విడిచిరి? ఇందు మూడవ ప్రశ్న మనది. దానిని మనము మరువరాదు.

2023 ఆగస్టు 23న, మన శ్రీహరికోటనుండి వెళ్లిన చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన సాయంకాలము, ఇస్రో వారి యూట్యూబు ప్రసారమును ఒక్క క్షణమున 80 లక్షలకు పైగా తెరల మీద చూచిరి. ఆ రంగమున అప్పటికి అది రికార్డు. నేను ఆ సాయంకాలము గిద్దలూరు ప్రాంతమున బంధువుల ఇంట నుంటిని. ఒక్క ఫోను చుట్టును పదిమందిమి. అరుగు మీద పిల్లలు, వారి వెనుక కూలికి పోయి వచ్చిన ఆడువారు, వారి వెనుక ఊతకర్రతో నేను. యంత్రము లెక్కకు మేము పదిమందిమి గాము, ఒక్కరము. 1969లో చంద్రుని వార్తను విన్న సీమ, 2023లో చంద్రునిపై మన నౌక దిగుటను కన్నులార చూచినది. అయినను లెక్క పదింట ఒక పాలే.

నా తల్లి గతించి చాలకాలమైనది. ఆమె హారతి ఏ చీటీలోను ఎక్కలేదు, ఏ మీటరును దానిని కొలువలేదు. ఆ పిల్లవాడు సగము నింపిన పలకపై ఆమె గీత కలదో లేదో నాకు తెలియదు. మీ ఊళ్లలో ఆనాడు అరుగుల మీద కూర్చున్న పెద్దలు నేటికిని కొందరుందురు. ఎవరి ఇంట పెట్టె యుండెనో, ఎందరు కూడిరో, ఏమనుకొనిరో మనుమలచేత ఒక కాగితము మీద వ్రాయించి యుంచుడు. కోట్ల లెక్కలు వ్రాయువారు వేరుగా నున్నారు. మన ఊరి లెక్కను మనము వ్రాయకున్న మరియొకరు వ్రాయరు.