గుండ్లకమ్మ ఒడ్డున మారుమనస్సు

ఒంగోలు అనగానే మనకు గిత్తలే జ్ఞాపకం వస్తాయి కదండీ! ఆ ఊళ్లో ఒక చిన్న కొండ కూడా ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అయిదుగురు ఆ కొండెక్కి ప్రార్థన చేశారు. అమెరికా నుంచి వచ్చిన జూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే తెలుగాయన, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లే, గమనించారా?

1866లో జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ అప్పటికే ఈ బోధ విని నమ్మినవారు. పేరయ్య తనవాళ్లకు ఊరూరా చెప్పాడు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు.

బోధకులు పిలిచింది "మారుమనస్సు"కు. వినడానికి తేలిక మాట. ఆచరణలో దానికి మూడు నియమాలు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. రెక్కాడితేగాని డొక్కాడని మాదిగవాడ ఇల్లాలికి ఇవి ఎంత కష్టమో ఊహించండి. ఆదివారం చేలోకి రానంటే ఆసామికి కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. అయినా చాలామంది నిలబడ్డారు.

ఇంతలో 1876-78 కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బోధకులు వాళ్లతో కూర్చుని, అలసినవారిని పిలిచే క్రీస్తు మాటలు చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. గంజి కోసం వస్తున్నారేమోనని ఆయన ఒప్పుకోలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ. దొర స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

"అన్నం పెట్టి మతంలో కలుపుకున్నారు" అన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆకలి వేళ ఆదుకున్న చెయ్యిని ఎవరూ మరిచిపోరు, నిజమే. ఆ కృతజ్ఞత వాళ్ల నమ్మకంలో కలిసే ఉంటుంది. కాని గంజి కేంద్రం మూతపడ్డాక, ఊరి కోపం ఎదురుగా ఉండగా నీళ్లలోకి దిగినవాళ్ల మనసును గంజితోనే కొలిస్తే న్యాయమంటారా? మనుషులుగా చూస్తామన్న పిలుపు కూడా వాళ్ల చెవిన పడింది. అది అంతకుముందు వాళ్లనెవరు పిలిచారు, చెప్పండి? ఈ చరిత్ర చదివినప్పుడు మనం ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అదేననుకుంటాను.