ఎగువ భూముల చరిత్ర

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చరిత్ర అనగానే నిజాం పేరు, విశ్వేశ్వరయ్య పేరు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. కట్టలు వారు కట్టించారు, నిజమే. కాని ఆ కట్టలకు నీరిచ్చే వాగులు, చెలకలు, కుంటలు ఎవరివి? చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాదు, శంషాబాదు గ్రామాల రైతులవి. ఈ మూడవ పాత్రను విడిచి రాసిన చరిత్ర సగం చరిత్రేనని నా అభిప్రాయం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, నగరంలో సుమారు 15,000 మందిని పొట్టనబెట్టుకుంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. నగరం దుఃఖానికి అలా ఒక కవి దొరికాడు. ఎగువ పల్లెల దుఃఖానికి మిగిలింది ఇంజనీరు లెక్క ఒక్కటే: నగరానికి పైన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని విశ్వేశ్వరయ్య తేల్చాడు. అంటే ఒక్క నది పొంగడమే కాదు, ఒక చెరువు తెగి దాని నీరు దిగువ చెరువు మీద పడి, గొలుసుకట్టుగా వచ్చిన విపత్తు అది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటిని కట్టడంలో మొదటి ఉద్దేశం వరదను ఆపడం. తాగునీరు ఆ వెంట వచ్చింది.

1996 మార్చి 8న వెలువడిన జీవో 111 చాలా ఆలస్యంగానైనా అసలు సంగతిని పట్టుకుంది. జలాశయాన్ని కాపాడాలంటే చుట్టూ 10 కిలోమీటర్ల నేలను కాపాడాలి. 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను అది నిషేధించింది. ఆముదపు నూనె ఉత్పన్నాల ఫ్యాక్టరీ ఒకటి మినహాయింపు కోరగా, సుప్రీంకోర్టు 2000లో ఒప్పుకోలేదు. హాని లేదని రుజువు చేయవలసింది ఫ్యాక్టరీ పెట్టేవాడే అని 1999లోనే చెప్పింది. మంచి తీర్పు!

కాని ఈ రక్షణ ఖర్చు ఎవరి నెత్తిన పడింది? పొరుగు ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతూంటే, ఈ 84 ఊళ్ళ రైతు భూమికి ఆ ధర రాలేదు. అతనికి పరిహారం అన్న మాటే జీవోలో లేదు. కలవారి ఫాంహౌసులు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్ళు మాత్రం ఆ నిషేధం నడుమనే వెలిశాయి. వాటి ప్రహరీలు వాగులకు అడ్డంగా లేచాయి. బిడ్డ పెండ్లికి రెండెకరాలు అమ్ముకోబోయిన వాడికి చట్టం, వాగును పూడ్చినవాడికి చూసీచూడని తనం! రైతుకు ఆ జీవో శత్రువుగా కనిపించడంలో వింత లేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ఆంక్షలు ఎత్తివేసినప్పుడు ఆ రైతు పేరే ముందుకు వచ్చింది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తున్నాయి గనుక ఈ జలాశయాల అవసరం తీరిందన్నది మరో వాదం.

ఈ వాదం 1908ని మరచిపోయింది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లెత్తగా మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. ఎగువన చెలక ఉంటే వాన కొంత ఇంకుతుంది. కాంక్రీటు పరిస్తే ఆ నీరంతా ఒక్కుమ్మడిగా కట్ట మీదికి వస్తుంది.

కనుక ఆంక్షలు ఉండాలనే మన సంఘాలు రెండు కోర్కెలు కలిపే పెట్టాలి: వాగులకు అడ్డుగా ఉన్న ప్రహరీలు కూల్చడం, చెలకను చెలకగా ఉంచిన చిన్న రైతుకు నగరం ఏటేటా పరిహారం చెల్లించడం. రెండోది వదిలేసి మొదటిది అడిగితే ఆ 84 ఊళ్ళలో మన వెంట నడిచేవారు ఉండరు.