హెడ్‌లైట్ బల్బు మార్పిడి

హెడ్‌లైట్ బల్బు మార్పిడి అంటే రాత్రివేళ దారి మరింత స్పష్టంగా కనిపించడానికి కారుతో వచ్చిన బల్బు తీసి, ఎక్కువ వెలుగునిచ్చేదాన్ని అమర్చడం. భారతీయ కార్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్నది హెచ్4 హాలోజన్ బల్బు. 1971లో వచ్చిన ఈ రకంలో హై బీమ్‌కు 60 వాట్ల ఫిలమెంట్, లో బీమ్‌కు 55 వాట్లది ఒకే గాజుబుడ్డిలో ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద దొప్పలాంటి చిన్న లోహపు రేకు ఉండి, ఎదుటివారి కళ్లలో పడే వెలుగును అడ్డుకుంటుంది.

వాట్లు పెంచితే చూపు పెరుగుతుందన్న నమ్మకం సగమే నిజం. హాలోజన్ వెలుగు వోల్టేజీని బట్టి బాగా మారిపోతుంది. 13.2 వోల్టుల వద్ద సుమారు 1000 ల్యూమెన్లు ఇచ్చే లో బీమ్, పాతబడిన తీగలు, తుప్పుపట్టిన ఎర్త్ కారణంగా 12 వోల్టులే అందితే 720 దగ్గరికి పడిపోతుంది. కాబట్టి విడిగా రిలే, మందపాటి వైరు వేస్తే మామూలు బల్బే పోయిన వెలుగును తిరిగి ఇస్తుంది. 100/90 వాట్ల బల్బును పాత సన్నని వైరుకే తగిలిస్తే హోల్డర్ కరిగే ప్రమాదం ఉంది. ఎల్‌ఈడీలో ల్యూమెన్లు ఎక్కువ కదా అన్న వాదనా ఉంది. అయితే రిఫ్లెక్టర్ వంపును ఫిలమెంట్ ఉండే చోటును బట్టి లెక్కగట్టి చేస్తారు. వెలుగు పుట్టే చోటు, ఆకారం మారితే కాంతి చెదిరి ఎదుటి డ్రైవరు కళ్లు బైర్లు కమ్ముతాయి, దారి కనిపించేది మాత్రం అంతంతే. జర్మనీలో 2020 నుంచి ఆమోదం పొందిన ఇలాంటి ఎల్‌ఈడీ బల్బులు కూడా పేర్కొన్న కారు మోడళ్లకే పరిమితం.