గోదావరి ముఖద్వార జీవావరణం: ఆచార్య పి.ఎన్.గణపతి పరిశోధనా కృషి

చిట్యాల: జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలంలో కురిసే వాన నీరు వాగుల ద్వారా గోదావరిని చేరి, చివరకు బంగాళాఖాతంలో కలుస్తుంది. 1,465 కిలోమీటర్ల పొడవైన ఈ నదిలో ఎగువన నీటి పరిమాణంలోను, నాణ్యతలోను వచ్చే మార్పులు సాగర సంగమం వద్ద జీవరాశిపై ప్రభావం చూపుతాయి. ఈ సంబంధాన్ని అర్థం చేసుకొనేందుకు శాస్త్రీయ ఆధారాలు సమకూర్చిన వారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్.గణపతి ముఖ్యులు.

వాల్తేరు తీరం నుండి గౌతమి వరకు

1950వ దశకంలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఇ.సి.లాఫాండ్ రాకతో వాల్తేరులో సముద్ర పరిశోధన ఊపందుకొన్నది. ఆ కాలంలోనే గణపతి, ఆయన సహ పరిశోధకులు విశాఖ నౌకాశ్రయంలో కొయ్యను తొలిచే జీవులను, తీర జలాలలోని ప్లవకాలను అధ్యయనం చేశారు. సముద్ర జలాల స్థితిగతులకు, ప్లవకాల ఉత్పత్తికి గల సంబంధంపై డి.వి.రామశర్మతో కలిసి 1958లో వ్యాసం ప్రచురించారు. 1959లో గోదావరి మడ అడవులను నష్టపరచే కొయ్య తొలిచే జీవులపైన, 1962లో వాల్తేరు ఇసుక తీరాలలో రేణువుల మధ్య నివసించే సూక్ష్మ జంతువులపైన వ్యాసాలు వెలువడ్డాయి.

గౌతమీ గోదావరి ముఖద్వారంలో మంచినీరు, ఉప్పునీరు కలిసే తీరును, ప్రవాహ గతులను వివరిస్తూ 1965లో గణపతి, రామశర్మ "కరెంట్ సైన్స్" పత్రికలో రాశారు. అనంతరం కాకినాడ అఖాతపు జంతుజాలంపై కూడా అధ్యయనం జరిగింది.

లవణీయతే కీలకం

వరదల కాలంలో గోదావరి మంచినీరు ముఖద్వారాన్ని నింపివేస్తుంది. వేసవిలో ప్రవాహం తగ్గి, సముద్రపు పోటుతో ఉప్పునీరు నదిలోనికి చొచ్చుకొని వస్తుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుండి వేసవి నీటిలో అధిక భాగం కాలువలకే మళ్లుతున్నందున ఈ వ్యత్యాసం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పులస చేప వరద నీటికి ఎదురీదుతూ నదిలోనికి రావడం, రొయ్య పిల్లలు మడ అడవుల నీడలో పెరగడం ఈ ఋతుక్రమంపైనే ఆధారపడి ఉన్నాయి. మత్స్యకారుల జీవనోపాధి సైతం దీనితోనే ముడిపడి ఉన్నది.

కాలుష్యంపై హెచ్చరిక

విశాఖ నౌకాశ్రయంలో కాలుష్యంపై గణపతి, ఎ.వి.రామన్ 1973లో వ్యాసం ప్రచురించారు. అడుగు బురదలో నివసించే పురుగులపై కాలుష్య ప్రభావాన్ని వివరించిన వారి అధ్యయనం 1983లో అంతర్జాతీయ పత్రిక "మెరైన్ పొల్యూషన్ బులెటిన్"లో వెలువడింది. నీటిని మాత్రమే పరీక్షిస్తే ఆనాటి స్థితి తెలుస్తుంది. కదలక అడుగున ఉండే జీవులను పరిశీలిస్తే గడచిన కాలపు ప్రభావం కూడా తెలుస్తుంది.

కొనసాగుతున్న పరిశోధనలు

గోదావరి వరద సమయంలో ముఖద్వారం నుండి కార్బన్ డయాక్సైడ్ అధికంగా వెలువడుతున్నట్లు జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన వి.వి.ఎస్.ఎస్.శర్మ బృందం 2011లో వెల్లడించింది. నది మోసుకొని వచ్చే సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్లింపజేయడమే ఇందుకు కారణం. దేశంలోని 27 నదీ ముఖద్వారాలపై ఇటువంటి అధ్యయన ఫలితాలను 2012లో ప్రచురించింది.

నేటి మార్పులను అంచనా వేయాలంటే నిన్నటి స్థితి తెలిసి ఉండాలి. అర్ధ శతాబ్దికి పూర్వం నమోదైన గణపతి బృందం వివరాలు అటువంటి పోలికకు ప్రాతిపదికగా నిలుస్తున్నాయి. ఎగువ జిల్లాలలో నీటి వినియోగం, వ్యర్థాల విడుదలపై నిర్ణయాలు తీసుకొనేటప్పుడు సంగమ ప్రాంత అవసరాలను కూడా పరిగణించవలసి ఉన్నదని ఈ పరిశోధనలు సూచిస్తున్నాయి.