పులుపు పుట్టించని ఆక్సిజన్

ఆక్సిజన్‌ను మొదట రాబట్టినవాళ్లు పెట్టిన పేర్లు ఇప్పుడెవరికీ గుర్తు లేవు. స్వీడన్‌లో మందులు నూరుకునే షీలే దాన్ని ‘అగ్నివాయువు’ అన్నాడు. ఇంగ్లండ్‌లో ప్రీస్ట్లీ 1774 ఆగస్టు 1న పెద్ద భూతద్దంతో ఎండను ఎర్రటి పాదరస భస్మం మీదికి మళ్లించి అదే వాయువును పట్టాడు. అందులో కొవ్వొత్తి భగ్గున వెలిగింది. ఏది కాలినా ‘ఫ్లోజిస్టాన్’ అనే పదార్థం బయటికి పోతుందని ఆనాటి నమ్మకం. ఈ గాలిలో అది లేనందువల్లే మంట నుంచి దాన్ని అంతగా లాగేసుకుంటోందనుకుని ఆయన దీన్ని ‘ఫ్లోజిస్టాన్ లేని గాలి’ అన్నాడు. నోరు తిరగని ఆ పేరు నిలవకపోవడమే మంచిదైంది.

ఆ అక్టోబరులోనే, పారిస్‌లో ఒక విందులో, ఈ కబురు రసాయనవేత్త లావోయిజర్ చెవిన పడింది. ఆయన త్రాసును నమ్మే మనిషి. గంధకం, భాస్వరం కాలాక బరువు పెరుగుతున్నాయంటే ఏదీ పోవడం లేదు, గాలిలోంచే ఏదో వచ్చి చేరుతోందని తేల్చాడు. అలా కాలగా వచ్చినదాన్ని నీళ్లలో కలిపితే ఆమ్లం. బొగ్గుదీ అదే తీరు. ఇంకేం, ఆమ్లాలన్నిటికీ ఈ వాయువే మూలమనుకున్నాడు. గ్రీకులో ‘ఆక్సిస్’ అంటే పదును, పులుపు. ‘జెన్’ పుట్టుకను చెప్పే ధాతువు. మరో ముగ్గురితో కలిసి 1787లో వేసిన రసాయన నామకరణ గ్రంథంలో ఈ రెంటినీ కలిపిన ‘ఆక్సిజన్’ అనే పేరు స్థిరపడింది.

చిక్కల్లా ఉప్పు నుంచి తీసే ఆమ్లంతో వచ్చింది. అందులోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందని లావోయిజర్ ధీమా. 1794లో గిలెటిన్‌కు బలైపోయాడు కాబట్టి తర్వాతి సంగతి ఆయనకు తెలియదు. అందులో ఉన్నవి హైడ్రోజన్, క్లోరిన్ మాత్రమేనని 1810లో ఇంగ్లండ్ రసాయనవేత్త హంఫ్రీ డేవీ తేల్చాడు. పులుపు వెనక ఉన్నది హైడ్రోజన్! దాని పేరుకేమో ‘నీటిని పుట్టించేది’ అని అర్థం. నీటి బరువులో తొమ్మిదింట ఎనిమిది పాళ్లు ఆక్సిజనే. నన్నడిగితే ఆ రెండు పేర్లనూ తారుమారు చేస్తే ఇంతకంటే బాగా అతికేవి.

అప్పటికే పేరు పాతుకుపోయింది. జర్మన్లు, రష్యన్లు కూడా తమ భాషల్లో పులుపు అర్థాన్నే దించుకున్నారు. మనవాళ్లూ అదే దారిలో ‘ఆమ్లజని’ అన్నారు. దాని తోబుట్టువులు ఉదజని (హైడ్రోజన్), నత్రజని (నైట్రోజన్). వీటిలో నత్రజని ఒక్కటే ఎరువుల పుణ్యమా అని రైతుల నోట బతికింది. ఆమ్లజని పాత పాఠ్యపుస్తకాల్లోనే ఉండిపోయింది. ఆసుపత్రిలో అందరూ ఆక్సిజన్ అంటారు, పత్రికలు ప్రాణవాయువు అని రాస్తాయి.